ఏటి ఒడ్డు రైసు మిల్లు ఫంక్షన్ హాలు కాకముందు: ఏ పద్ధతిలో రికార్డు చేయాలి, దేనికెంత పెట్టాలి

ఆంధ్ర సరిహద్దును ఆనుకున్న ఒడిశా ఊళ్ళలో, అంటే పర్లాకిమిడిలో మహేంద్రతనయ ఏటి పక్కనో, గుణుపురంలో వంశధార ఒడ్డునో, రాయగడలో నాగావళి దగ్గరో మూతపడ్డ పాత రైసు మిల్లు ఒకటి ఉందనుకోండి. యజమాని పిల్లలు విశాఖలోనో హైదరాబాద్‌లోనో స్థిరపడ్డారు. స్థలం ధర పెరిగింది. ఫంక్షన్ హాలుకో, గోడౌనుకో, కాస్త అభిరుచి ఉన్నవాళ్ళు దొరికితే హోటలుకో బేరం కుదిరింది. కొన్నాయన మంచివాడే, ‘పని మొదలెట్టేలోగా మీరేం రాసుకుంటారో, ఏం ఫోటోలు తీసుకుంటారో కానివ్వండి’ అన్నాడు. చేతిలో ఉన్నవి కొన్ని వారాలు, కొంచెం డబ్బు. దాన్ని దేని మీద పెట్టాలి?

అడిగితే ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతారు. పెళ్ళి వీడియోలు తీసే కుర్రాడు డ్రోన్ అంటాడు. బరంపురంలో ఇంజినీరింగ్ చదివే మేనల్లుడు లేజర్ స్కాన్ అంటాడు. ఆర్కిటెక్టు కొలతలతో నక్షాలు కావాలంటాడు. మిల్లులో పనిచేసిన పెద్దాయన్ని మాత్రం ఎవరూ అడగరు.

నా లెక్క ముందే చెప్పేస్తాను. రాబోయే మార్పులో ఏది ముందు పోతుందో దాని మీదే ముందు ఖర్చు పెట్టాలి. గోడలు, పొగగొట్టం, పెంకుల కప్పు ఫంక్షన్ హాలు అయ్యాక కూడా చాలావరకు ఉంటాయి. ఇప్పుడు కొలవలేకపోయినా తర్వాత కొలుచుకోవచ్చు. మిషన్ల సంగతి అలా కాదు. పాత ఇనుము కొనేవాళ్ళ లారీ వచ్చిన రోజే అవి వెళ్ళిపోతాయి. ఆఫీసు గది బీరువాలోని కాగితాలు చిత్తు కాగితాల బస్తాలోకి పోతాయి. మిల్లు నడిపిన మనిషి వయసు ఎనభైకి దగ్గర్లో ఉంటుంది. ముందు పోయేవి ఈ మూడూ. డబ్బు మాత్రం తరచూ గోడల స్కానింగుకే పోతుంది, ఎందుకంటే కంప్యూటర్ తెర మీద అది బాగుంటుంది.

అమెరికాలో 1969లో ఇంజినీరింగ్ కట్టడాల రికార్డుకని ప్రత్యేక కార్యక్రమం పెట్టుకున్నప్పుడు మూడు భాగాలు అనుకున్నారు: కొలతలతో నక్షాలు, మంచి ఫోటోలు, రాసిన చరిత్ర. ఇంగ్లండులో నాలుగు స్థాయిలు పెట్టుకున్నారు. మొదటిది బయటి నుంచి చూసి రాసుకునేది, నాలుగోది పూర్తి విశ్లేషణ. 2003లో రష్యాలోని నీజ్నీ తగీల్‌లో పారిశ్రామిక వారసత్వం మీద రాసుకున్న ఒప్పందపత్రం ఇంకో మాట కలిపింది: యంత్రం ఆగకముందే రికార్డు చేస్తే ఎంతో తెలుస్తుంది, పనిచేసినవాళ్ళ జ్ఞాపకాలకు ప్రత్యామ్నాయం లేదు. మన మిల్లు ఇప్పటికే ఆగిపోయింది కాబట్టి ఆ రెండో మాటే మనకు ముఖ్యం.

ఏరు పక్కనే ఎందుకు కట్టారు?

పద్ధతి ఎంచుకునే ముందు ఏం రికార్డు చేయాలో తేలాలి. ఏటి ఒడ్డు మిల్లు అనగానే నీటి చక్రం తిప్పే మిల్లు అనుకునేవాళ్ళున్నారు. ఈ వైపు రైసు మిల్లులకు ఏరు కావలసింది తిప్పడానికి కాదు, ఆవిరికీ నానబెట్టడానికీ. బాయిలరుకు నీళ్ళు కావాలి. ఉప్పుడు బియ్యం ఆడే మిల్లయితే ధాన్యం నానబెట్టే తొట్లకు ఇంకా ఎక్కువ కావాలి. నానిన ధాన్యానికి ఆవిరి పట్టి గచ్చు మీద ఆరబోసేవాళ్ళు. అంటే మిల్లు చరిత్రలో సగం నీళ్ళ దారిలోనే ఉంది. ఏటి నుంచి బావి, బావి నుంచి పంపు, పంపు నుంచి ట్యాంకు, అక్కణ్ణించి బాయిలరు, తొట్లు, చివరికి పులిసిన నీళ్ళు మళ్ళీ ఏట్లోకి పోయే కాలవ. మిల్లు భవనం వరకే కొలిచి వచ్చేసినవాళ్ళ నక్షాలో ఇదంతా ఉండదు. గచ్చు ఖాళీ స్థలంగా కనిపిస్తుంది. కొన్నవాళ్ళకు అది కార్ల పార్కింగు.

గోడ మీద వరద గుర్తులుంటే వాటి ఎత్తు కూడా కొలవండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పటి నీటి మట్టం చాలామందికి గుర్తుంది, చేత్తో చూపిస్తారు. అంతకు ముందు వరదల గీతలు సున్నం పొరల కింద ఉండొచ్చు. కొత్తగా కట్టబోయేవాడికి పనికొచ్చే సమాచారం ఇదొక్కటైనా ఉంటుంది, ఆ వంకతో మిగతా పనికి ఒప్పించవచ్చు.

టేపు పట్టుకుని కొలవడం

చేతి కొలతలు పాతకాలం పని అని కొట్టిపారేస్తారు. నా ఓటు మాత్రం దీనికే. చవక కాబట్టి కాదు. టేపు పట్టినవాడు ప్రతి చోటా ఆగాలి, ఆగినప్పుడల్లా ‘ఇదిక్కడెందుకుంది’ అని అనుకోక తప్పదు. గోడలో జానెడు వెడల్పున ఒక నిలువు చీలిక, అంచులు నల్లగా నున్నగా అరిగి ఉంటాయి. అవతలి గది ఇంజిను నుంచి బెల్టు వచ్చిన దారి అది. నేల మీద నూనె పీల్చి నల్లబడ్డ సిమెంటు దిమ్మ, దాని మీద నాలుగు బోల్టులు. ధాన్యం వలిచే పాత మిషన్ హల్లరు కూర్చున్న చోటు అది. స్కానరుకు ఇవన్నీ చుక్కలే.

సామాను పెద్దగా అక్కర్లేదు. 30 మీటర్ల టేపు ఒకటి, 5 మీటర్లది ఒకటి, చిన్న లేజర్ మీటరు, తూకం గుండు, మేస్త్రీలు వాడే వాటర్ లెవెల్ పైపు. ముందు ఆ పైపుతో గోడల చుట్టూ నడుమెత్తున ఒకే మట్టం సుద్దతో గీయించండి. ఎత్తులన్నీ ఆ గీత నుంచే పైకీ కిందికీ కొలవాలి, ఎందుకంటే పాత మిల్లు నేల ఎక్కడా సమంగా ఉండదు. పొడవులు కొలిచేటప్పుడు గోడ మూల నుంచి టేపు పరిచి, కిటికీ మొదలు, కిటికీ చివర, తలుపు మొదలు అంటూ ఒకే సున్నా నుంచి చదువుకుంటూ పోవాలి. ముక్కముక్కగా కొలిచి కలిపితే ఒక్కో ముక్కలోని చిన్న తేడా చివరికి బెత్తెడు అవుతుంది. గది నాలుగు గోడలతో సరిపెట్టకుండా మూల నుంచి మూలకు రెండు కర్ణాలూ కొలవాలి. చదరం అనుకున్న గది చదరం కాదని అప్పుడే బయటపడుతుంది.

ఒక్క నక్షాకే వ్యవధి ఉంటే ప్లాను వద్దు, నిలువుకోత (మిల్లును నిలువునా కోసి పక్కనుంచి చూసినట్టు గీసే నక్షా) వేయండి. రైసు మిల్లు అడ్డంగా నడిచేది కాదు. ధాన్యం బకెట్ ఎలివేటరులో పైకెక్కుతుంది, జల్లెడ మీదకు పడుతుంది, అక్కణ్ణించి ఊక వలిచే షెల్లరులోకి దిగుతుంది, మళ్ళీ ఎక్కుతుంది, తవుడు తీసే పాలిషరులోకి దిగుతుంది. బియ్యం ఒక గొట్టంలో, తవుడు ఇంకోదాంట్లో, ఊక మూడోదాంట్లో బయటికొస్తాయి. ఈ ఎక్కుదిగుళ్ళు పైనుంచి చూసిన ప్లానులో నాలుగు డబ్బాలుగా కనిపిస్తాయి, అంతే. నిలువుకోతలోనే మిల్లు నడిచినట్టు కనిపిస్తుంది. మిల్లు ప్లానుకు 1:50, మిషన్లకు 1:20, ఏరుతో కలిపి మొత్తం స్థలానికి 1:200 స్కేలు సరిపోతుంది.

ఇంకో పని ఉంది. లైన్ షాఫ్టు (బెల్టులతో మిషన్లన్నిటినీ తిప్పే పొడవాటి ఇనుప కడ్డీ) మీది ప్రతి పుల్లీ వ్యాసం, వెడల్పు, అది ఏ మిషన్ పుల్లీకి ఎదురుగా ఉందో రాసుకోండి. షాఫ్టు పుల్లీ 24 అంగుళాలు, హల్లరు పుల్లీ 8 అంగుళాలు అయితే హల్లరు షాఫ్టు కంటే మూడు రెట్లు వేగంగా తిరిగిందని లెక్క. ఇంజిను పేరు పలక మీద నిమిషానికి ఎన్ని చుట్లో రాసి ఉంటే, మిషన్లన్నీ తుక్కులోకి పోయాక కూడా ఏది ఎంత వేగంతో నడిచిందో చెప్పొచ్చు. బెల్టు మెలి వేసి తొడిగితే మిషన్ ఎదురు దిక్కుకు తిరుగుతుంది, అది కూడా గుర్తు పెట్టాలి. ఇందుకు పావలా ఖర్చు లేదు. కానీ పుల్లీలు కిందికి దించేశాక ఏ పుల్లీ ఎక్కడిదో ఎవరూ చెప్పలేరు.

దీని లోపాలూ ఉన్నాయి. నెమ్మది పని. ఇద్దరు ముగ్గురు కావాలి. పొగగొట్టం ఎత్తు, కప్పు కింది దూలాల వంపు టేపుకు లొంగవు. వాటికే మిగతా పద్ధతులు.

ఫోటోలు, ఫోటోల నుంచి త్రీడీ

మామూలు ఫోటోలకు ఏదీ సాటి రాదు, కాకపోతే క్రమం ఉండాలి. బయటి నుంచి లోపలికి, లోపల ధాన్యం నడిచిన వరుసలో తీయండి. ప్రతి ఫోటో నంబరు, ఎటు చూస్తూ తీశారో ఒక బాణం ప్లాను మీద వేయండి. ఆ బాణం లేకపోతే పదేళ్ళ తర్వాత అవి ఏ మిల్లు ఫోటోలో కూడా తెలియదు. మిషన్ పక్కన ఎరుపు తెలుపు పట్టీలు వేసిన మీటరు కర్ర పెట్టండి. ట్రైపాడ్ వాడండి, చీకటి గదిలో ఫ్లాష్ కొట్టకండి.

దగ్గర నుంచి తీయాల్సినవి ముద్రలు. పేరు పలక మీద టార్చి లైటు పక్కనుంచి పడేలా పట్టుకుంటే అరిగిపోయిన అక్షరాలు కూడా లేస్తాయి. పలుచని కాగితం వేసి పెన్సిలు రుద్దినా పని జరుగుతుంది. ఇనుప దూలం మీద టాటా ముద్ర ఉందంటే అది 1912 తర్వాతిది, ఎందుకంటే జంషెడ్‌పూర్‌లో ఉక్కు తయారీ మొదలైంది ఆ ఏడే. హల్లరు మీద ఎంగెల్‌బర్గ్ పేరు ఉండొచ్చు. బ్రెజిల్‌లో ఆ పేరుగలాయన కనిపెట్టిన యంత్రం అది, 1880లలో పేటెంటు అయి, తర్వాత ఆసియా అంతా పాకింది. హల్లరులో ఊక, తవుడు విడివిడిగా రావు, కలిసి చిట్టుగా వస్తాయి. ఒక మిల్లులో హల్లరు, రబ్బరు షెల్లరు రెండూ ఉంటే, అది ఒక్కసారి కట్టిన మిల్లు కాకపోవచ్చు. మంగుళూరు పెంకులకు అడుగున కంపెనీ పేరు అచ్చు వేసి ఉంటుంది. విరిగిన పెంకులు రెండు మూడు తిరగేసి చూడండి.

బాయిలరు ఇంకా ఉంటే దాని నంబరు తప్పక రాసుకోండి. 1923 నాటి బాయిలర్ల చట్టం ప్రకారం రిజిస్టరైన ప్రతి బాయిలరు మీద నంబరు చెక్కాల్సి ఉండేది. ఆ నంబరు దొరికితే తనిఖీ కాగితాల జాడ తీయడం తేలిక.

ఒకే వస్తువును చుట్టూ తిరిగి ఒకదాని మీద ఒకటి 70, 80 శాతం కలిసేలా ఫోటోలు తీసి, సాఫ్ట్‌వేరులో వేసి త్రీడీ నమూనా చేయడం ఇప్పుడు అందుబాటులోకి వచ్చింది. మెష్‌రూమ్ లాంటివి ఉచితం. ఇటుక పొగగొట్టం మొదలు, బాయిలరు ముందు భాగం, ఇంజిను దిమ్మ, ఏట్లోకి దిగే మెట్లు ఇలాంటి గరుకు వస్తువులకు ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. తెల్లగా సున్నం వేసిన గోడ, సన్నని షాఫ్టు, వేలాడే బెల్టు, జల్లెడ తీగలు, చీకటి మూలలు దీనికి పడవు, ముద్దముద్దగా వస్తాయి. స్కేలు కర్రలు ఫ్రేములో లేకపోతే నమూనా అందంగా ఉంటుంది గానీ కొలతకు పనికిరాదు. 2020లో ఐఫోన్ 12 ప్రోతో ఫోనుల్లోకి వచ్చిన లైడార్ (లేజర్‌తో దూరం కొలిచే పరికరం) సుమారు 5 మీటర్ల దూరం వరకే చూస్తుంది. ఆఫీసు గది కొలతలు సరిచూసుకోవడానికి చాలు, మిల్లు హాలుకు చాలదు.

లేజర్ స్కాన్ ఎప్పుడు, ఎవరి డబ్బుతో

లేజర్ స్కానర్ మిల్లీమీటర్ల ఖచ్చితత్వంతో కోట్ల చుక్కలు పట్టుకుంటుంది. ఒరిగిన గోడ, వంగిన దూలం, పొగగొట్టం వాలు దీని నుంచి దాచలేరు. అందుకని అదే మొత్తం రికార్డు అనుకుంటేనే చిక్కు. స్కానరు తనకు కనిపించేది మాత్రమే పడుతుంది. ఎలివేటరు వెనక, షెల్లరు అడుగున, గొట్టాల లోపల నీడ మిగిలిపోతుంది. దాన్ని పూడ్చాలంటే పరికరాన్ని అటూ ఇటూ మార్చి చాలా చోట్ల నిలబెట్టాలి. చివరికి చేతికొచ్చేది చుక్కల మేఘం, నక్షా కాదు. దాని నుంచి గీత గీసేవాళ్ళకు మళ్ళీ డబ్బు ఇవ్వాలి. అద్దె అడిగేటప్పుడే ‘నక్షాలతో కలిపా, చుక్కలొక్కటేనా’ అని తేల్చుకోండి. ఫైలు ఏ ఒక్క కంపెనీ సాఫ్ట్‌వేరులోనే తెరుచుకునేది కాకుండా ఈ57 రూపంలో ఇమ్మని రాయించుకోండి.

నా అభిప్రాయం ఏమిటంటే, స్కాన్ కొన్నవాళ్ళ ఖర్చు. పాత కప్పు కింద కొత్తగా మెజానిన్ (మధ్య అంతస్తు) వేయాలన్నా, గోడ తీసి వెడల్పు చేయాలన్నా వాళ్ళ ఆర్కిటెక్టుకు ఎలాగూ అది కావాలి. అతనితో ముందే మాట్లాడి, మిషన్లు తీయకముందే స్కాన్ చేయమని, ఒక ప్రతి మీకు ఇమ్మని అడగండి. మామూలుగా వాళ్ళు ఖాళీ అయ్యాక చేయిస్తారు, ఖాళీ హాలు స్కాన్ చేయడం సుళువు కదా. తేదీని రెండు వారాలు ముందుకు జరిపిస్తే మీకు పైసా ఖర్చు లేకుండా మిషన్లతో సహా దొరుకుతుంది.

డ్రోన్ గురించి రెండు మాటలు చాలు. కప్పు, పొగగొట్టం కొన, ఏరుతో కలిపి స్థలం మొత్తం చూపడానికి వాడండి, ఒక పూట పని. 2021 డ్రోన్ నిబంధనల కింద 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కు పైలట్ లైసెన్సు అక్కర్లేదు. అయినా ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైటు డిజిటల్ స్కై పటంలో మీ ఊరు ఏ రంగు జోనులో ఉందో చూసుకున్నాకే ఎగరేయండి. పొగగొట్టం మీద తేనెపట్టు ఉందేమో కూడా చూసుకోండి.

మిల్లు డ్రైవరు మాట

ఈ వైపు రైసు మిల్లుల్లో మిషన్ నడిపే మనిషిని డ్రైవరు అంటారు. అతన్ని కూర్చోబెట్టి ‘మీ జ్ఞాపకాలు చెప్పండి తాతా’ అంటే, ‘ఏటుంది బావూ సెప్పడానికి, పొద్దున్నొచ్చీవోళ్ళం, సీకటడితే ఎల్లిపోయీవోళ్ళం’ అని ఊరుకుంటాడు. తప్పు అతనిది కాదు, అడిగినదాంట్లో ఉంది. ఇంట్లో కుర్చీ వేసి కాదు, మిల్లులో నడిపిస్తూ అడగండి. ధాన్యం వచ్చిన గేటు దగ్గర మొదలుపెట్టి బియ్యం బస్తా బయటికి పోయిన తలుపు దాకా. ప్రతి మిషన్ దగ్గరా ఆగి చేత్తో చేసి చూపించమనండి. ‘ఈ బెల్టు జారితే ఏం చేసేవారు తాతా?’ అని అడిగితే గుగ్గిలం పొడి సంగతి వస్తుంది. ‘బేరింగు వేడెక్కిందని ఎలా తెలిసేది?’ అంటే అరచెయ్యి దాని మీద పెట్టి చూపిస్తాడు. షెల్లరు కింద నుంచి గుప్పెడు తీసి, అరచేతిలో నలిపి, ఊది, ముడి గింజలు ఎన్ని మిగిలాయో చూసి రోలర్ల మధ్య ఎడం ఎంత తిప్పాలో నిర్ణయించేవాడు. ఆ చేతి తీరు ఏ స్కానులోనూ ఉండదు. అందుకే ఇది వీడియో తీయాలి, గొంతు ఒక్కటే చాలదు. గొంతుకు మాత్రం విడిగా చిన్న కాలరు మైకు పెట్టండి, వేవ్ ఫైలుగా దాచండి. ఖాళీ మిల్లులో ప్రతి మాటా గోడలకు కొట్టుకుని మారుమోగుతుంది.

డ్రైవరు ఒక్కడే మిల్లు కాదు. బస్తాలు మోసిన కళాసీలు, గచ్చు మీద ధాన్యం తిరగేసిన ఆడవాళ్ళు, బాయిలరులో ఊక కొట్టిన ఫైర్‌మన్, గుమాస్తా, ఒక్కొక్కరి మిల్లు ఒక్కోలా ఉంటుంది. యజమాని చెప్పేదాంట్లో మిల్లు ఎప్పుడు పెట్టారో ఉంటుంది. గచ్చు మీద పనిచేసినామె చెప్పేదాంట్లో ఏ ఎండకు ఎన్ని సార్లు తిరగేయాలో, వాన మబ్బు చూసి ఎలా కుప్ప పోసేవాళ్ళో ఉంటుంది. ఈ ఊళ్ళలో వాళ్ళందరి భాషా ఒకటి కాదు. తెలుగు, ఒడియా, సవర కలిసి వస్తాయి. ఎవరి మాట వాళ్ళ భాషలోనే రికార్డు చేసి, రాసేటప్పుడు పలికినట్టే రాయండి, బడి భాషలోకి సర్దకండి. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ సవర భాష నేర్చి దానికి నిఘంటువు కట్టిన గిడుగు రామమూర్తిగారి గడ్డ మీద ఈ మాత్రం చేయకపోతే ఎలా.

డబ్బు తక్కువగా ఉంటే నక్షాలు తగ్గించి అయినా సరే ఈ పని ముందు పెట్టమంటాను. టేపు పట్టేవాళ్ళు వచ్చే నెలా దొరుకుతారు.

కాగితాలు రెండు రాష్ట్రాల్లో, మూడు భాషల్లో

మామూలుగా ఎవరూ లెక్కలోకి తీసుకోని పద్ధతి ఇది, సరిహద్దు ఊళ్ళలో మాత్రం తప్పనిసరి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమయ్యేదాకా గుణుపురం, రాయగడ మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలో, జయపురం జమీందారీలో ఉండేవి. పర్లాకిమిడి గంజాం జిల్లాలో ఉండేది. కాబట్టి అంతకు ముందు పెట్టిన మిల్లు కాగితాలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో, తర్వాతివి భువనేశ్వర్‌లోని ఒడిశా స్టేట్ ఆర్కైవ్స్‌లో వెతకాలి. రాయగడ, గజపతి జిల్లాలు 1992లో ఏర్పడినవి, అంతకు ముందు ఫైళ్ళు కోరాపుట్, గంజాం పేర్ల మీద ఉంటాయి. ఇది తెలియక జిల్లా ఆఫీసులో ‘లేవు’ అనిపించుకుని వచ్చేసేవాళ్ళే ఎక్కువ.

స్థలం సంగతికి ఒడిశా ప్రభుత్వ భూమి రికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లో ఖతియాన్ (భూమి హక్కుల పత్రం) చూడొచ్చు. అక్కడ హాల్ నంబరు కొత్త సర్వేది, సాబిక్ నంబరు పాతది. రెండూ రాసుకుంటేనే పాత దస్తావేజుతో జత కుదురుతుంది. 1948 ఫ్యాక్టరీల చట్టం కిందకి వచ్చిన మిల్లయితే లైసెన్సు కోసం ఇచ్చిన ప్లాను బీరువాలోనే నీలం కాగితం మడతల్లో ఉండొచ్చు. అది దొరికితే మీ కొలతల పని సగం తగ్గుతుంది, అప్పటికీ ఇప్పటికీ ఏం మారిందో కూడా తెలుస్తుంది. 1958లో రైసు మిల్లుల నియంత్రణ చట్టం వచ్చింది, 1997లో తీసేశారు. ఆ మధ్యకాలంలో మిల్లు పెట్టాలన్నా, పెంచాలన్నా పర్మిట్ కావాలి, కాబట్టి ఏ మిషన్ ఎప్పుడు చేరిందో ఆ కాగితాల్లో చిక్కుతుంది. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రంలో కరెంటు తయారీ మొదలైంది 1955లో. కరెంటు బిల్లులు, మోటారు కొన్న రశీదులు ఉంటే ఆవిరి నుంచో ఆయిలు ఇంజిను నుంచో మిల్లు కరెంటుకు ఎప్పుడు మారిందో తేలిపోతుంది.

అన్నిటికంటే విలువైనవి చిట్టా, ఆవర్జా (రోజువారీ లెక్కలు, ఖాతాలు) పుస్తకాలు, కాటా చీటీలు. తెలుగులో గుమాస్తా రాత, బయట ఒడియా స్టాంపు, లోపల ఇంగ్లీషు రశీదు. ఏ ఊరి ధాన్యం వచ్చింది, ఎంత ఆడారు, నూకలు ఎన్ని, బియ్యం ఎటు పోయింది అన్నీ అక్కడే. 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి వచ్చిన చిన్న రైలు 1931కి గుణుపురం చేరింది. ఆ నేరోగేజి బండి 2004లో ఆగి, 2011కి బ్రాడ్‌గేజి అయింది. మిల్లు బస్తాలు ఆ బండి మీద పోయాయా, ఎడ్లబండి మీద పోయాయా, లారీ మీద పోయాయా అని పుస్తకమే చెప్పాలి. పుస్తకాలు ఫోను స్కానరు యాప్‌లో కాదు, పైనుంచి నిటారుగా పెట్టిన కెమెరాతో, కిటికీ వెలుగులో, పేజీ పేజీ తీయండి. చెదలు పట్టినదాన్ని బలవంతంగా విప్పకండి.

మీ పరిస్థితికి ఏది?

వారం పది రోజులే ఉండి డబ్బు లేకపోతే: ముందు డ్రైవరుతో మిల్లు నడక వీడియో, తర్వాత బీరువాలోని పుస్తకాల ఫోటోలు, ఆ తర్వాత ఒక్క నిలువుకోత, పుల్లీల పట్టిక. గోడల కొలతలు వదిలేయండి.

నెల రోజులు, కొద్దిపాటి డబ్బు ఉంటే ఆర్కిటెక్చర్ కాలేజీ విద్యార్థుల్ని అడగడం మంచి మార్గం. బాగా గీస్తారు, ఉత్సాహం ఉంటుంది. కాని వాళ్ళకు మిల్లు తెలియదు. ఎలివేటరుకు, జల్లెడకు తేడా తెలియనివాళ్ళు గీసిన నక్షాలో గొట్టాలు ఎక్కడో మొదలై ఎక్కడో ఆగిపోతాయి. డ్రైవరునో పాత ఫిట్టరునో వాళ్ళ పక్కన కూర్చోబెట్టి కూలి ఇవ్వండి. దీన్ని ఖర్చుగా రాసుకోవడానికి చాలామంది వెనకాడతారు, అది సరికాదు.

కొన్నవాళ్ళు ఆర్కిటెక్టును పెట్టుకుని ఉంటే లేజర్ స్కాన్ వాళ్ళ వంతు, మనుషులూ కాగితాలూ మీ వంతు. మిషన్లు ఇప్పటికే పోయి ఉంటే అప్పుడు స్కాన్‌కు, ఫోటోలకు విలువ పెరుగుతుంది. నేల మీది బోల్టులు, గోడలోని చీలికలు, నూనె మరకలు మాత్రమే మిగిలి ఉంటాయి కాబట్టి వాటిని పట్టుకోవాలి. మిల్లు చిన్న హల్లరు షెడ్డు మాత్రమే అయితే ఇంత హంగామా అక్కర్లేదు. ముప్పై నలభై ఫోటోలు, ఒక ప్లాను, ఒక సంభాషణ చాలు.

లోపలికి వెళ్ళే ముందు: పైఅంతస్తు చెక్కల మీద బరువు వేసే ముందు కింద నుంచి చూడండి. రేకులు, బాయిలరు చుట్టిన పొర ఆస్‌బెస్టాస్ కావచ్చు, గీకకండి. ఊక గుట్టలో పాములుంటాయి. ఒంటరిగా వెళ్ళొద్దు. వందేళ్ళు దాటినంత మాత్రాన మిల్లు రక్షిత కట్టడం అయిపోదు, ప్రభుత్వం ప్రకటిస్తేనే అవుతుంది. అందుకని మీకున్న హక్కల్లా యజమాని అనుమతే, దాన్ని కాగితం మీద తీసుకోండి. మాట్లాడినవాళ్ళ అనుమతి కూడా.

ఫైళ్ళు మూడు ప్రతులు చేసి, ఒకటి వేరే ఊళ్ళో ఉంచండి, ఏటి ఒడ్డు ఊరు కదా. ముఖ్యమైన నక్షాలు, ఫోటోలు కాగితం మీద కూడా అచ్చు వేయించి, తెలుగులోనూ ఒడియాలోనూ చిన్న వివరణతో ఊరి లైబ్రరీకి, కాలేజీకి, యజమాని కుటుంబానికి ఇవ్వండి. దగ్గర్లో వారసత్వ సంరక్షణ సంస్థ ఇన్‌టాక్ శాఖ ఉంటే వాళ్ళకూ ఒకటి.

ఇక తుక్కు బేరం. పాత ఇనుము తూకం మీద పోతుంది కాబట్టి, కొన్నవాళ్ళతో, తుక్కు వ్యాపారితో ముందే కూర్చుని మూడు సంగతులు రాయించుకోండి. పేరు పలకలు విప్పి యజమానికి ఇవ్వాలి. ఒక హల్లరు, రెండు పుల్లీలతో షాఫ్టు ముక్క ఆవరణలోనే ఉండాలి. కొలతలు పూర్తయ్యాయని మీరు చెప్పేదాకా గ్యాస్ కటింగ్ మొదలుపెట్టకూడదు. హల్లరు తూకం తీసేస్తే ధర ఎంత తగ్గుతుందో అప్పుడే అడిగి, ఆ తేడా ఎవరు భరిస్తారో తేల్చుకోండి. లారీ గేటు ముందు నిలబడ్డాక ఈ మాటలు ఎవరూ వినరు.